మూడో చప్పుడు

జూన్ 3

మావయ్యకు నమస్కారాలు.

ఫోను చేస్తే ఎత్తరు. ఎత్తినా, "ఫోనులో అయితే నువ్వు ఊఁ కొట్టి తప్పించుకుంటావు, ఉత్తరంలో ఆ వీలు లేదు, రాసి తగలెయ్యి" అంటారు. అందుకే రాసి తగలేస్తున్నాను.

సినిమా వచ్చే శుక్రవారం విడుదలవుతోంది. దీంతోపాటు రెండు పాసులు పెట్టాను. ఒకటి మీకు, రెండోది మీ కింద వాటాలో సెలూను నడిపే ఆయనకు. ఆయన పక్కన ఉంటే మీరు హాల్లో పైకి తిట్టరని నా చిన్న ఆశ.

గుండె కాస్త గట్టి చేసుకుని వెళ్ళండి. మీ 'తలుపులు తీసిన ఊరు' ఇప్పుడు 'గొళ్ళెం' అయింది. పేరు పొట్టిగా ఉంటే పోస్టరు మీద అక్షరాలు లావుగా పడతాయట. నిర్మాతకు మీ కథ మొదటిసారి చెప్పిన రోజు ఇంకా నా కళ్ళకు కట్టినట్టుంది. "ఒక ఊళ్ళో సర్కారువాళ్ళు ప్రతి ఇంటి తలుపూ ఊడబీక్కుపోతారండీ, తప్పు చెయ్యనివాడికి తలుపెందుకు అని. వడ్రంగం పని చేసుకునే ఒక నడివయసు ఆవిడ ఎవరికీ తెలియకుండా తన కోసం ఒక్క తలుపు చేసుకుంటుంది" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నేను పులకించిపోయాను. కథ అయ్యాక కళ్ళు తెరిచి, "బాగుందమ్మా, ఫైట్లు ఎక్కడ?" అన్నాడు.

అక్కణ్ణించి నా పాట్లు మొదలయ్యాయి. ఏది నిలబెట్టాను, ఏది నిలబెట్టలేకపోయాను అని ఇప్పుడు చెప్పను. మీరే చూసి తిట్టండి, ఆ హక్కు మీకుంది.

అసలు విషయం. రెండో భాగం తీస్తారట. దానికి మీ సంతకం కావాలి. మీరు ఒప్పుకుంటే రాసేది నేనే అని వాళ్ళ చేత ఒప్పించుకున్నాను. ఇన్నేళ్ళూ ఎవరెవరి పేర్ల వెనకో రాశాను. ఈ సినిమాలో కూడా నా పేరు మరో నలుగురి పేర్ల మధ్య ఇరుక్కుని పడుతుంది, రెప్ప వేస్తే పోతుంది. రెండో భాగంలో నా పేరు ఒక్కటే పడుతుంది మావయ్యా. నాకు అది కావాలి. సిగ్గు లేకుండా అడుగుతున్నాను.

ఒక్క మాట. చివరిదాకా కూర్చోండి. చివర్లో మీ కోసం ఒకటి పెట్టాను. అదేమిటో చచ్చినా చెప్పను.

మీ
గిలక
(మీరు పెట్టిన ఈ ముద్దుపేరు మా ఆఫీసులో ఎవరి కంటైనా పడిందంటే నా పరువు పోయినట్టే.)


జూన్ 12

చిరంజీవి గిలకకు మావయ్య దీవెనలు.

చూశాం. సెలూనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని, నన్ను పెళ్ళికి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాడు. "మీ పేరు తెర మీద పడినప్పుడు ఈల వేస్తాను సార్" అన్నాడు. వేశాడు కూడా. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు మంచి చెప్పేస్తాను, అది కాస్తే ఉంది కాబట్టి. మొదటి పది నిమిషాలు. తలుపులు పోయిన మర్నాడు ఊరు ఎలా నిద్ర లేచిందో చూపించారు చూడు, ఒక్క మాట లేకుండా, అది బాగుంది. బీరువా రెక్క తెరిచి దాని చాటున బట్టలు మార్చుకునే ఆవిడ, వీధివాళ్ళు వినకుండా పలక మీద రాసుకుని పోట్లాడుకునే మొగుడూ పెళ్ళాం, గోడవైపు తిరిగి దగ్గు వచ్చినట్టు ఏడ్చే పెద్దాయన. ఇవేవీ నా పుస్తకంలో లేవు. ఉంటే బాగుండేదని అనిపించింది. మీ దర్శకుడు ఆ పది నిమిషాలు తీసి ఇంటికి వెళ్ళిపోయి ఉంటే నేనే వెళ్ళి దండ వేసేవాణ్ణి.

పోలేదు. ఉన్నాడు.

నా వడ్రంగి ఆవిడకు నలభై దాటాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి, కోపం వస్తే మూడు రోజులు మాట్లాడదు. మీ పిల్లకు ఇరవై ఉంటాయేమో. రంపప్పొట్టులో పొర్లి లేచినా జుట్టు చెదరదు. ఉలి పట్టుకుంటే పెదాలు కొరుక్కుంటుంది. ఎందుకు కొరుక్కుంటుందో దేవుడికే తెలియాలి. పోనీలే అనుకుంటే, ఆ కండలవాడెవడు? నా పుస్తకంలో కాపలాదారు ఒక పిరికిమనిషి, చెప్పులు అరిగిపోయినవాడు. వాణ్ణి హీరోని చేసి చొక్కా విప్పించారు. ఒక్క తలుపు అడ్డం పెట్టుకుని తుపాకీ గుళ్ళన్నీ ఆపేస్తాడు. అది ఏం చెక్కో కాస్త కనుక్కుని చెప్పు, మా వంటింటి అల్మరాకు చెదలు పట్టాయి.

అన్నిటికంటే నా ఒళ్ళు మండించింది గోదాము. ఊళ్ళోంచి ఊడబీకిన తలుపులన్నీ సర్కారువాళ్ళు ఒక గోదాములో పేర్చారు. అది నాదే, పుస్తకంలో ఉంది. మీ వీరుడు వచ్చి ఆ గోదాము పేల్చేశాడు! ఒరే నాయనా, తలుపులు పోయాయనే కదా ఇంత ఏడుపూ, ఆ తలుపుల్నే పేల్చి పారేస్తే ఇక గొడవ దేనికి? అవి ముక్కలై గాల్లోకి లేస్తుంటే హాలంతా చప్పట్లు. సెలూనాయన కూడా కొట్టాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇది నీ తప్పు కాదని నాకు తెలుసు. నీకు చిన్నప్పుడే కలం ఎలా పట్టుకోవాలో నేర్పినవాణ్ణి. కానీ ఆ కండలవాడి డైలాగులు నువ్వే రాశావేమో అని భయంగా ఉంది. "తలుపు కొడితే తెరుచుకుంటుంది, నేను కొడితే ఊడొస్తుంది." నువ్వు కాదని వెంటనే రాయి, నాకు నిద్ర పడుతుంది.

సంతకం సంగతి తరువాత.

మీ
మావయ్య


జూన్ 18

మావయ్యకు నమస్కారాలు.

నేను కాదు. ఆ డైలాగు రాసినవాడు దాన్ని టీ షర్టు మీద అచ్చు వేయించుకుని తిరుగుతున్నాడు. హాయిగా నిద్రపోండి.

కానీ మావయ్యా, ఆ పది నిమిషాలు దర్శకుడికి అప్పజెప్పేశారే, అది నేను రాసింది! బీరువా చాటు ఆవిడ, పలక మీద పోట్లాట, గోడవైపు తిరిగే పెద్దాయన, అన్నీ నావే. అద్దెగదుల్లో నలుగురమ్మాయిలతో కలిసి ఎన్నాళ్ళు ఉన్నాననుకున్నారు? చాటు లేకపోతే మనిషి ఏం చేస్తాడో నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? చెత్తంతా నాది కాదని నమ్మారు, సంతోషం. బాగున్నది కూడా నాది కాదని ఎలా అనుకున్నారు? మీ కలం పాఠాల మీద మీకే నమ్మకం లేదన్నమాట.

గోదాము విషయంలో మాత్రం మీతో కలిసి తిడతాను. నిర్మాత ముందు మీరన్న మాటే అన్నాను, "తలుపుల కోసం పోరాడేవాడు తలుపుల్ని పేల్చడమేమిటండీ?" అని. ఆయన నావైపు జాలిగా చూసి, "ముక్కలు ప్రేక్షకుడి మీదికి ఎగిరొస్తాయమ్మా, త్రీడీ కళ్ళజోడు పెట్టుకుంటే నీకే తెలుస్తుంది" అన్నాడు. ఆ రోజు లెక్కలేనన్ని టీలు తాగాను. కండలవాడి విషయం కూడా ఒప్పుకుంటాను. ఆయన చొక్కా విప్పడం ఒప్పందంలో రాసుకున్నారట, ఎండాకాలం కథ కాకపోయినా సరే.

అయినా మీరన్నంత బూడిద కాదు. బందు చప్పుడు విన్నారా? ఆ పిల్ల మొదటిసారి తలుపు నిలబెట్టి, ఇత్తడి బందు మీద తిప్పినప్పుడు ఒక కిర్రుమనే చప్పుడు వస్తుంది. హాల్లో కరకరా నమిలేవాళ్ళు కూడా ఆగిపోతున్నారు. నేను ఇప్పటికి మూడు హాళ్ళలో వెనక నిలబడి చూశాను. ఇంటికెళ్ళి తమ గది తలుపు ఒకసారి వేసి తీసి చూసుకున్నామని ఎంతమంది చెప్పారో. అంత గోలలోంచి మీ పుస్తకం ఆ ఒక్క చప్పుడులో బయటికొచ్చింది. నాకు చాలు.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. మీ పుస్తకంలో లోపాల్లేవా? అంత లావు పుస్తకంలో ఒక్కరూ నవ్వరు. ఒకరి ఇంటికి ఒకరు రారు. ఊరంతా తలో గదిలో కూర్చుని ఆలోచిస్తూ ఉంటారు. తలుపులుంటే ఎంత, లేకపోతే ఎంత వాళ్ళకి?

అన్నీ రాశారు గానీ చివరి గురించి ఒక్క మాట లేదేం? కావాలనే దాచారా? నేను రోజూ పోస్టు కోసం చూస్తున్నాను.

మీ
గిలక


జూన్ 25

చిరంజీవి గిలకకు.

పది నిమిషాలూ నీవే అని తెలిసి సంతోషించాను. ముందే అనుకోవలసింది, అనుకోలేదు, పోనీ.

నా పుస్తకానికి లోపాలు వెతికే వయసొచ్చిందన్నమాట నీకు. నవ్వరట, ఒకరింటికి ఒకరు రారట. నేను రాసింది పీడకల గురించి, పేరంటం గురించి కాదు. మీ అత్తయ్య కూడా ఆ రోజుల్లో ఏదో ఒకటి అనేది ఈ పుస్తకం మీద. ఆవిడకు పుస్తకాల సంగతి ఏం తెలుసు, వంట చేసుకుంటూ నాలుగు పేజీలు చదివేది, నూనె మరకలు చేసేది.

ముగింపు గురించి అడిగావు. అడక్కుండా ఉంటే బాగుండేది. మొదటినుంచీ ఏ సరుకో చివర్లోనూ అదే సరుకు. జనం చేత కళ్ళు తుడిపించి పంపడానికి పెట్టిన ముక్క. చౌకబారు. నా కోసం పెట్టానన్నావు, నాకలాంటివి అక్కర్లేదు. నా పుస్తకంలో లేనిదాన్ని తెచ్చి నా పేరు కింద అతికించడం చూస్తే నాకు సిగ్గేసింది.

పైగా, కోసి పారేసింది ఏమిటో తెలుసా? గడపల ముసలాయన! పుస్తకానికి ప్రాణం ఆయనే కదే. తలుపులు పోయినా గడపలు మిగిలాయని, వాటిని తుడిచి రంగులు వేసుకుంటూ తిరిగే ముసలాయన. ఆయన్ని ఆనవాలు లేకుండా ఎగరగొట్టారు. కండలవాడు చొక్కా విప్పడానికి చోటు సరిపోలేదు కాబోలు.

అందుకని ఒక పని చేశాను. పత్రికకు రాశాను. 'గొళ్ళెం' అనబడే ఈ గోలకూ నా నవలకూ ఏ సంబంధమూ లేదు, పోస్టర్ల మీంచి నా పేరు తీసెయ్యాలి, రెండో భాగానికి నా అనుమతి లేదు అని. గడపల ముసలాయన్ని తీసేసిన పాపం, ముగింపు పాపం, రెండూ వివరంగా ఏకరువు పెట్టాను. నీ పేరు ఎక్కడా ఎత్తలేదు. నిన్న పోస్టులో వేశాను.

నువ్వు ఇంతకంటే మంచివి రాయగలవు. ఈ కంపెనీ గొడవ వదిలెయ్యి.

మీ
మావయ్య


జూలై 1

మావయ్యా,

మీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. చౌకబారు అన్న మాట దగ్గర ఏడుపొచ్చింది. రెండేళ్ళు ఆ ఒక్క సన్నివేశం కోసం అందరి కాళ్ళూ పట్టుకున్నాను మావయ్యా. పాటకు చోటు చాలదని మూడుసార్లు తీసేశారు, మూడుసార్లూ తిరిగి పెట్టించాను. మీరు చూసి ఒక్క మాట అంటారని. ఆ మాట ఇదా?

మొహం కడుక్కొచ్చి రెండోసారి చదివాను. అప్పుడు గడపల ముసలాయన దగ్గర ఆగాను.

గడపల ముసలాయన ఉన్నాడు. ఇంటర్వెల్ అయ్యాక మొదటి సీనే ఆయనది. పావుగంట ఉంటాడు. ఆ వేషం వేసిన పెద్దాయన ఫోటో హాలు బయట నిలువెత్తున ఉంటుంది. ఆయన్ని చూడలేదంటే అర్థం ఒక్కటే.

మీరు గోదాము పేలి ఇంటర్వెల్ పడగానే లేచి వచ్చేశారు. అవునా కాదా?

చూడని ముగింపును చౌకబారు అన్నారు. చూడనిదాని కోసం సిగ్గుపడ్డారు. "ఏడ్చినట్టుంది, ఇంటర్వెల్లో వచ్చేశాను" అని రాసి ఉంటే నేను నవ్వేదాన్ని. మీరు అలాంటివారని నాకు తెలియదా? కానీ నాతో అబద్ధం చెప్పి, ఆ అబద్ధం మీద నిలబడి నన్ను తిట్టారు.

చివర్లో ఏముందో చెప్పను. కాగితం మీద చెబితే దానికీ ఓ తిట్టు రాస్తారు.

పత్రికవాళ్ళకు వెంటనే ఫోను చేసి ఆ ఉత్తరం ఆపించండి. నా కోసం కాదు. సినిమా చూసిన ప్రతివాడికీ ముసలాయన తెలుసు. మిమ్మల్ని చూసి నవ్వుతారు. మిమ్మల్ని చూసి ఊరంతా నవ్వితే నేను తట్టుకోలేను.

గిలక


జూలై 9

చిరంజీవి గిలకకు.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. పత్రిక ఆదివారమే వచ్చేసింది. నేనేం చెయ్యను?

వచ్చేశాను, అవును. పొట్టలో బాగాలేదని సెలూనాయనకు చెప్పి, బయట బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాను. ఆయన మిగతాది చూసి వచ్చి, దారంతా ముక్కు చీదుకుంటూ, "చివర్లో మీరు లేకపోవడం అన్యాయం సార్" అన్నాడు. జలుబు చేసిందనుకున్నాను. అయినా సగం చూసినవాడికి సగం తిట్టే హక్కు ఉంటుంది. ఆ గోదాము తరువాత ఇంక ఏం చూపిస్తే మాత్రం ఏం ఒరుగుతుంది?

నవ్వుతున్నారులే, నువ్వన్నట్టే. ఈవేళ పత్రికలో ఎవడో జవాబు రాశాడు: "రచయితగారూ, గడపల తాతగారు ఇంటర్వెల్ తర్వాత వస్తారండీ, మీరు టీకి వెళ్ళి తప్పిపోయారా?" సెలూనులో ఒకడు దాన్ని పైకి చదివాడట. సెలూనాయన సగం గడ్డం గీసి వాణ్ణి బయటికి పంపించాడట. నాకు వంట్లో బాగాలేదనీ, డాక్టరు చీకట్లో కూర్చోవద్దన్నాడనీ అందరికీ చెబుతున్నాడు. మనుషులు ఇలా నా కోసం అబద్ధాలాడితే నాకు ఇంకా ఒళ్ళు మంట.

నువ్వు కోపంగా ఉన్నావని తెలుసు. తిట్టాలంటే తిట్టు. రాయి.

మీ
మావయ్య


జూలై 22

చిరంజీవి గిలకకు.

రాయలేదు నువ్వు. మీ అమ్మ ఫోను చేసింది. అక్కయ్య కాబట్టి ఎత్తాను, ఎత్తినందుకు అరగంట చీవాట్లు తిన్నాను. కంపెనీవాళ్ళు నిన్ను పిలిచి, "మీ మావయ్య సగం సినిమా చూసి రాశాడని పత్రికలో నువ్వే రాయి, జనం నవ్వుకుంటారు, సినిమాకు మంచిది" అన్నారట. నువ్వు రాయనన్నావట. అయితే రెండో భాగం వేరేవాడికి ఇస్తామన్నారట, ఇచ్చెయ్యండి అని లేచి వచ్చేశావట. ఆ వేరేవాడు డైలాగు టీ షర్టు వేసుకుని తిరిగేవాడేనట.

ఒక్క పేరాతో నన్ను బజారుకెక్కించి నీ పని నిలబెట్టుకోవచ్చు. అది కాదనుకుని వచ్చేశావు. నాకు ఒక్క ముక్క రాయలేదు. ఇది విని ఎంత సిగ్గుపడాలో అంత సిగ్గుపడ్డాను. ఇది నిజం సిగ్గు, ముందు రాసినది కాదు.

మర్నాడు మ్యాట్నీకి వెళ్ళాను. ఒక్కణ్ణే. టికెట్టు చించేవాడు నన్ను గుర్తుపట్టి, "ఈసారి మొత్తం చూస్తారా సార్?" అన్నాడు. చూస్తానన్నాను.

మొదటి సగం మళ్ళీ భరించాను. కండలవాడు ఇంకా చొక్కా విప్పుతూనే ఉన్నాడు. గోదాము ఇంకా పేలుతూనే ఉంది. నా అభిప్రాయం వెంట్రుకవాసి మారలేదు. గడపల ముసలాయన బాగా చేశాడు, నేను రాసినదానికంటే ఓ పిసరు బాగానే చేశాడు. తరువాత మళ్ళీ కొట్లాట, భవంతి కూలడం, ఒక పెంపుడు చిలక్కి తన పథకమంతా పూసగుచ్చినట్టు చెప్పుకునే విలను. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

ఆ తరువాత నువ్వన్న ఆ చివరి సన్నివేశం వచ్చింది.

ఆ పిల్ల గదిలో నేల మీద కూర్చుని కొత్త తలుపుకు బొమ్మ గీసుకుంటోంది. గదికి తలుపు లేదు, ఒట్టి కంత. వాళ్ళమ్మ వచ్చింది. నా పుస్తకంలో తల్లి లేదు. తిన్నగా లోపలికి రావచ్చు, అడ్డమేముంది? రాలేదు. బయటే నిలబడి, చేతిలో గరిటె తిరగేసి, కాడతో గోడ మీద తట్టింది. "ఇక్కడున్నావా, కాగితాల్లో ఉన్నావా?" అంది.

హాల్లో జనం నవ్వారు. గిలకా, నేను ముందు సీటు పట్టుకున్నాను.

మీ అత్తయ్య మాటే అది. గరిటె కూడా ఆవిడదే. నా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది, అయినా ఆవిడ తట్టకుండా ఏనాడూ లోపలికి రాలేదు. నువ్వు అప్పుడు బల్ల కింద కూర్చుని నా చిత్తుకాగితాల మీద గీతలు గీస్తుండేదానివి. నీకు గుర్తుంటుందని నాకు తెలియదు. పుస్తకం అచ్చయ్యాక ఆవిడ అన్న మాట ఏమిటో ఇప్పుడు చెబుతాను, ఇదివరకటి ఉత్తరంలో ఏదో అనేదని ఎగరగొట్టేశాను. "తలుపుల మీద ఇంత పుస్తకం రాశారు, తట్టే మనిషిని ఒక్కరిని పెట్టలేదేమండీ?" అంది. నాకు కోపమొచ్చి మూడు రోజులు మాట్లాడలేదు. ఆవిడ పోయాక ఆ పుస్తకం నేను తెరవలేదు.

నా పుస్తకంలో లేనిదాన్ని పెట్టారని తిట్టాను కదూ. లేకపోవడమే దాని లోపం. ఆవిడ చెప్పింది, నువ్వు దిద్దావు. ఈ ముక్క రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలుసు.

కంపెనీకి రాశాను. రెండో భాగం గిలక రాస్తేనే సంతకం, టీ షర్టు వాడు రాస్తే కోర్టు. ఉత్తరంలో గిలక అనే రాశాను పొరపాటున, తరువాత కొట్టేసి నీ అసలు పేరు రాశాను. పత్రికకు కూడా రాశాను, నేను సగమే చూశానని. సెలూనాయనకు చాలా కోపం వచ్చింది, ఇన్నాళ్ళు తను ఆడిన అబద్ధాలన్నీ వృథా అయ్యాయట.

ఒక తప్పు మాత్రం ఉంది, అది ఒప్పుకోను. ఆ తల్లి రెండుసార్లే తట్టింది. మీ అత్తయ్య మూడుసార్లు తట్టేది. మొదటి రెంటికీ నేనెప్పుడూ పలకలేదు, విననట్టు రాసుకుంటూ ఉండేవాణ్ణి. మూడోదానికి పలికేవాణ్ణి. రెండింటితో ఆపేస్తే అది ఆవిడ కాదు.

రాయి.

మీ
మావయ్య


ఆగస్టు 4

గిలకా,

ఒకటి రాశాను, పలకలేదు. రెండోది రాశాను, పలకలేదు.

ఇది మూడోది.

ఇక్కడున్నావా, కాగితాల్లో ఉన్నావా?

మావయ్య


ఆగస్టు 8

మావయ్యకు నమస్కారాలు.

ఉన్నాను. ఇక్కడే ఉన్నాను.

మొదటి రెంటికీ ఎందుకు పలకలేదని అడక్కండి. మీ దగ్గర నేర్చుకున్నదే. ఇన్నాళ్ళూ నా బల్ల మీద మీ ఉత్తరాలు పెట్టుకుని, విననట్టు వేరే పని చేసుకున్నాను. ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా? అత్తయ్య ఎన్నేళ్ళు భరించిందో, పాపం. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, ఉత్తరంలో దాచడం నాకు చేతకాదు.

నిర్మాత మనిషి నిన్న ఇంటికొచ్చాడు, పళ్ళబుట్ట తెచ్చాడు. "మీ మావయ్యగారు భలే మనిషండీ" అన్నాడు. అవునన్నాను. రెండో భాగం మళ్ళీ నాకే ఇస్తారట. కండలాయన చొక్కా సంగతి మాత్రం ఒప్పందంలో అలాగే ఉందట, అది మీరూ నేనూ కలిసినా ఆపలేం. గోదాములు పేల్చడం ఇక లేదు. అది రాయించుకున్నాను.

మూడో చప్పుడు గురించి. నేను రాసింది మూడే మావయ్యా. నా కాగితాల్లో ఇప్పటికీ ఉంది. షూటింగులో తల్లి వేషం వేసినావిడ మూడుసార్లే తట్టింది, మూడోది కాస్త మెల్లిగా, విసుగు పోయాక తట్టినట్టు. ఎడిటింగులో కోసేశారు. "రెండు చప్పుళ్ళకే జనానికి అర్థమైపోయింది, మూడోది దేనికమ్మా?" అన్నాడు దర్శకుడు. బల్ల కింద కూర్చున్నప్పుడు నేను లెక్కపెట్టుకునేదాన్ని. ఒకటి, రెండు, తరువాత మీరు కలం కింద పెట్టిన చప్పుడు.

రెండో భాగం ఆ మూడో చప్పుడుతో మొదలవుతుంది. చీకటి తెర, ఏ పేరూ పడక ముందు. తరువాత లోపల్నించి ఎవరో పలుకుతారు. ఏమని పలకాలో మీరు రాసి పంపాలి. ఆ ఒక్క మాట మీది, మిగతాదంతా నాది.

సంతకం పెట్టి పంపండి. ఈసారి పాసులు మూడు తెస్తాను. సెలూనాయన మీకు ఒకవైపు, నేను ఇంకోవైపు కూర్చుంటాం. ఇంటర్వెల్లో లేవనివ్వం.

మీ
గిలక